బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) తవ్వకాలు: ఒడిశాలోని కోరాపుట్, రాయగడలకు లాభమా, నష్టమా?

జయపురం వ్యాపారి:
1981లో ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ నాల్కో పెట్టకపోతే మన కోరాపుట్ జిల్లా దామన్‌జోడికి టౌన్‌షిప్ ఎక్కడిది? కోరాపుట్, రాయగడల్లో మన తెలుగువాళ్ల షాపులు, లాడ్జీలు, లారీలు బాగా నడుస్తున్నాయంటే గనుల చలవే. వద్దనేవాళ్లు ఇంట్లో అల్యూమినియం గిన్నె కూడా వాడకూడదు మరి.

గుణుపురం రైతుబిడ్డ:
అన్నగారూ, షాపుల మాట నిజం. మా చిన్నాన్న రాయగడలో ఇల్లు కట్టుకున్నది కాంట్రాక్టు పనుల మీదే. కానీ పోయిన భూమి మనది కాదు కదా, అందుకే మనకు లాభమొక్కటే కనబడుతోంది. పంచపట్‌మాలి కొండమీద తవ్విన బాక్సైట్ రాయి కన్వేయర్ బెల్టు మీద దామన్‌జోడి దిగుతుంది. అక్కడ తయారైన అల్యూమినా (అల్యూమినియం తీసే తెల్లపొడి) రైలెక్కి కొంత అంగుల్‌లోని నాల్కో అల్యూమినియం ఫ్యాక్టరీకి, కొంత విశాఖ రేవుకి పోతుంది. ఈ దారిలో చదువుకున్నవాడికి ఉద్యోగం, లారీ ఉన్నవాడికి కిరాయి, ప్రభుత్వానికి రాయల్టీ. కొండమీద పోడు చేసుకునే కోందు ఆదివాసికి ఏం దొరికింది? పరిహారం కట్టేది పట్టా చూసి. చింతపండు, ఇప్పపువ్వు, అడ్డాకులు ఏ పట్టాలో ఉంటాయి?

గనుల చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం పాత లీజుదారులు రాయల్టీలో 30 శాతం, వేలంలో పాడుకున్నవాళ్లు 10 శాతం జిల్లా ఖనిజ నిధికి (గనుల వల్ల నష్టపోయినవాళ్ల కోసం పెట్టిన నిధి) అదనంగా కట్టాలి. ఆ డబ్బు ముందు కొండ కింది ఊళ్లకే ఖర్చు పెట్టాలని నేనంటాను. జిల్లా కేంద్రానికి ఎంత మంచి రోడ్డు వేసినా భూమి పోయిన ఊళ్లో బోరు పడదు.

రాయగడ లారీ:
అంటే తవ్వకం మానేయాలా తమ్ముడూ? నా కిస్తీలు ఎవరు కడతారు?

గుణుపురం రైతుబిడ్డ:
మీ కిస్తీల టెన్షన్ తెలుసన్నా, మాది కూడా లారీల మీద బతికిన ఇల్లే. అయినా ముందు ఆ ఊళ్లను అడగాలి. 2000 డిసెంబర్‌లో కాశీపూర్ వైపు మైకంచ్‌లో, బాక్సైట్ ప్రాజెక్టు వద్దన్న ఊళ్లో, పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు ఆదివాసులు చనిపోయారు. అయినా తర్వాత అక్కడే దొరగూడలో అల్యూమినా ఫ్యాక్టరీ వచ్చింది. నియమగిరి కొండల్లో మాత్రం గని తవ్వాలా వద్దా అన్నది 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలకే వదిలేసింది. 12 ఊళ్లూ వద్దన్నాయి, గని ఆగింది. వంశధార నది పుట్టేది ఆ కొండల వైపే. శ్రీకాకుళంలో గొట్టా బ్యారేజీ కింద మన చుట్టాల పొలాలు తడిసేది ఆ నీళ్లతోనే. ఆ రైతులు కూడా ఈ చర్చలోకి రావాలి.