బేస్‌బాల్ జనరల్ మేనేజర్ కావాలంటే ఆటగాడై ఉండాలా?

ప్రశ్న (అనంతపురం):
అన్నా, అక్కా, మాకు ఆర్డీటీ స్టేడియం దగ్గరే. 2024లో ఇక్కడ దులీప్ ట్రోఫీ చూసినప్పటి నుంచి టీమ్‌ను కూర్చే పని మీద పిచ్చి పట్టింది. అమెరికా బేస్‌బాల్‌లో అది జనరల్ మేనేజర్ పని అంట కదా, పెద్దగా ఆడనోళ్లు ఆ కుర్చీ దాకా పోగలరా?

జవాబు (కడప):
పోతారు తమ్ముడూ. థియో ఎప్‌స్టీన్ ప్రొఫెషనల్‌గా ఒక్క మ్యాచ్ ఆడలేదు, శాన్ డియాగో టీమ్ ఆఫీసులో పనిచేస్తూనే లా చదివాడు, 2002లో 28 ఏళ్లకే బోస్టన్ రెడ్ సాక్స్ జనరల్ మేనేజర్ అయ్యాడు. 2004 జూలై 31న, ఊరంతా నెత్తిన పెట్టుకున్న నోమార్ గార్సియాపారాను వేరే టీమ్‌కు ఇచ్చేశాడు. ఎంత గుండె కావాలో చూడు! ఆ ఏడాదే 86 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్, అంటే అమెరికా బేస్‌బాల్ ఫైనల్, గెలిచారు. తర్వాత షికాగో కబ్స్‌కు ప్రెసిడెంట్‌గా పోయి, 2016లో అక్కడ 108 ఏళ్ల కరువు తీర్చాడు.

జవాబు (కర్నూలు):
ఆడి ఓడినోళ్లూ ఉన్నారు. బిల్లీ బీన్‌ను 1980లో న్యూయార్క్ మెట్స్ టీమ్ డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్లను ఎంచుకునేటప్పుడు, మొదటి రౌండ్‌లోనే తీసుకుంది, కానీ ఆట కుదర్లేదు. 1990లో ఆట మానేసి తనున్న ఓక్లాండ్ టీమ్‌లోనే స్కౌట్ పనికి దిగాడు, అంటే ముందుగా పోయి తర్వాత తలపడబోయే టీమ్‌ల ఆట చూసొచ్చే పని. 1997లో జనరల్ మేనేజర్. డబ్బు తక్కువ కాబట్టి, బ్యాటర్ అవుట్ కాకుండా ఎన్నిసార్లు బేస్ (పరుగు దారిలో ఆగే చోటు) చేరుతున్నాడన్న లెక్క పట్టుకుని చవకగా దొరికేవాళ్లను తెచ్చాడు. 2002లో వరుసగా 20 మ్యాచ్‌లు గెలిచారు.

జవాబు (అనంతపురం):
కిమ్ ఆంగ్‌ను మరిచిపోతే ఎట్లా? షికాగో వైట్ సాక్స్ టీమ్‌లో ఇంటర్న్‌గా మొదలై, దాదాపు 30 ఏళ్లు పనిచేసి, 2020లో మయామీ మార్లిన్స్ జనరల్ మేనేజర్ అయింది, మేజర్ లీగ్‌లో, అంటే అమెరికా బేస్‌బాల్ పెద్ద లీగ్‌లో, ఆ కుర్చీ ఎక్కిన తొలి మహిళ. మా పాపకు ఈ కథే చెప్తుంటాను.