ఆపదలో ఉన్న ఇంటికి పోయి ఏం మాట్లాడాలి? ఫ్యామిలీ కౌన్సెలింగ్ ఎట్లా నేర్చుకోవాలి?

దేవరకొండ_వీఓఏ:

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఊరు. మహిళా పొదుపు సంఘాల గ్రామ సంఘంలో వీఓఏగా (గ్రామ సంఘం సహాయకురాలిగా) పనిచేస్తున్నాను. సంఘాల పుస్తకాలు రాయడం, కిస్తీలు కట్టించడం నా పని. అయితే కిస్తీ ఎందుకు ఆగిందని ఇంటికి పోయి అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది. ఒక ఇంట్లో ఆయన మేస్త్రీ వెంట పుణె పోయి పైసలు పంపడం లేదు. ఇంకో ఇంట్లో ఆయన ఊర్లోనే ఉంటాడు, కానీ తెల్లారేసరికి కల్లు దుకాణం దగ్గరుంటాడు. ఆడవాళ్లు నా ముందు కూర్చుని ఏడుస్తారు. నాకు చేతనైంది వినడం ఒక్కటే.

ఇప్పుడొక ఇంటి గురించి రాస్తున్నాను. వాళ్లెవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. పత్తి దెబ్బతిని, అప్పులవాళ్లు ఇంటి ముందుకు వచ్చాక ఆ ఇంటాయన పురుగుల మందు తాగాడు. దేవుడి దయవల్ల బతికాడు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంట్లో పరిస్థితి ఇంకా పాడైంది. "నీ నోటి వల్లనే నా కొడుకు మందు తాగిండు" అని అత్త కోడలిని అంటుంది. కోడలు తల్లిగారింటికి పోతానని బట్టలు సర్దుకుంది. ఆయన ఎవరితోనూ మాట్లాడడు. తొమ్మిది చదివే పెద్దపిల్ల బడి మానేసి వంట చేస్తోంది, తమ్ముడిని చూసుకుంటోంది. కుల పెద్దలు పంచాయితీ పెడదామంటున్నారు.

ఆ ఇంట్లో నేను ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు? నేను ఓపెన్ యూనివర్సిటీలో బీఏ చదివాను. ఈ పని పద్ధతిగా నేర్చుకోవాలని నిజంగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాలమూరు_సోషల్‌వర్కర్:

చెల్లే, చదువు సంగతి తర్వాత. ముందు ఆ అన్న ప్రాణం.

ఒకసారి ప్రయత్నం చేసిన మనిషికి ఆసుపత్రి నుంచి వచ్చిన తర్వాతి వారాలు, నెలలు చాలా ప్రమాదం. మిగిలిన మందు డబ్బాలు ఇవాళే ఇంటి నుంచి తీయించండి. మంచం కింద, గొడ్ల కొట్టంలో, చేను దగ్గర గుడిసెలో కూడా వెతికించండి. ఆయన దగ్గర ఒంటరిగా కూర్చుని "మళ్లీ చావాలని అనిపిస్తుందా అన్నా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మనవాళ్లు భయపడతారు. అట్లా పుట్టదు. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు కాబట్టే ఆయన మాట్లాడటం లేదేమో. అవునంటే ఒంటరిగా వదలకండి, ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోండి. రాత్రిపూట అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. పోలీసు కేసు అవుతుందని ఇంట్లోవాళ్లు దాచిపెడుతుంటే ఈ మాట చెప్పండి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు.

ఇక పంచాయితీ. పెద్దమనుషుల మీద నాకు గౌరవం ఉంది. భూమి గట్టు తగాదా వాళ్లు చక్కగా తెంపుతారు. కానీ పంచాయితీలో తప్పు ఎవరిదో తేల్చాలి. ఈ ఇంట్లో తప్పు తేలిందంటే అత్తో కోడలో ఒకరు జీవితాంతం ఆ నింద మోయాలి. అందుకే ఆ పెద్దలను కలిసి, పదిహేను రోజులు ఆగమని అడగండి. వాళ్లను కాదని చేయకండి. ఒకరిద్దరు పెద్దలు అప్పులవాళ్లతో మాట్లాడి గడువు ఇప్పిస్తే ఆ కుటుంబానికి దానికన్నా పెద్ద సాయం లేదు. కౌన్సెలింగ్‌తో అప్పు తీరదు కదా.

అత్తాకోడళ్ల దగ్గర ఏం మాట్లాడాలంటే, "ఎందుకు అట్లా అన్నావు" అనే ప్రశ్న వద్దు. దానికి జవాబుగా తిట్లే వస్తాయి. ఇటలీలో మిలాన్ నగరపు థెరపిస్టులు 1970ల్లో ఒక పద్ధతి తెచ్చారు: ఒకరి గురించి ఇంకొకరిని అడగడం. కోడలిని అడగండి, "ఆయన ఆసుపత్రిలో ఉన్న రాత్రి మీ అత్త ఎట్లా గడిపింది?" అత్తను అడగండి, "మీ కోడలు ఈ ఇంట్లో దేనికి ఎక్కువ భయపడుతోంది?" పిల్లను అడగండి, "నాయనమ్మ ఏడిస్తే ముందు ఎవరు దగ్గరికి పోతారు?" ఇట్లా అడిగితే ఎదుటి మనిషి బాధను తన నోటితో చెప్పాల్సి వస్తుంది. మక్తల్ వైపు ఒక ఇంట్లో ఆరు నెలలుగా మాట్లాడుకోని అత్త, "నా కోడలు రాత్రి నిద్రపోదు, మొగుడి ఊపిరి చూస్తుంటది" అని చెప్పింది. కోడలు ఆ మాట అక్కడే కూర్చుని వింది. తర్వాత నేను పెద్దగా మాట్లాడే అవసరం రాలేదు.

ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు, ఎవరి బదులు ఎవరు జవాబు చెప్తున్నారు అన్నది గమనించండి. సాల్వడార్ మినూచిన్ అనే ఫ్యామిలీ థెరపిస్టు అమెరికాలో పేద కుటుంబాలతో పనిచేసి ఇదే నేర్పాడు. పెద్దవాళ్లు కూలబడితే ఇంట్లో ఒక పిల్ల తల్లి స్థానంలోకి ఎక్కుతుందని కూడా చెప్పాడు. మీరు రాసిన పెద్దపిల్ల అదే. "ఎంత మంచి పిల్ల" అని అందరూ పొగుడుతుంటారు, ఆ పొగడ్తతోనే చదువు పోతుంది, తర్వాత పెళ్లి చేసేస్తారు. ఆమెను మళ్లీ బడికి పంపడమే మీ మొదటి పనిగా పెట్టుకోండి. వంట ఎవరు చేయాలన్న ఒప్పందం అత్తాకోడళ్ల మధ్య కుదిరిందంటే వాళ్లిద్దరూ ఒక విషయం కలిసి మాట్లాడుకున్నట్టే.

ఒక్క సందర్భంలో మాత్రం భార్యాభర్తలను కలిపి కూర్చోబెట్టకండి: కొడుతున్నప్పుడు. మీ ముందు ఆమె నిజం చెప్తే ఆ రాత్రి అందుకు ఆమెకు దెబ్బలు పడతాయి. ఆమెతో విడిగా మాట్లాడి మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయించండి, లేదా హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే, జిల్లాలో ఉన్న సఖి కేంద్రానికి పంపండి. 2005 గృహహింస చట్టం కింద రక్షణ అధికారి ఉంటారు. "సర్దుకుపో" అనే మాట అక్కడ అస్సలు వద్దు.

నల్గొండ_ఎమ్మెస్‌డబ్ల్యూ:

అక్కా, చదువు గురించి నాకు తెలిసింది చెప్తాను. ఇగ్నోలో (ఇందిరా గాంధీ ఓపెన్ యూనివర్సిటీ) కౌన్సెలింగ్, ఫ్యామిలీ థెరపీలో పీజీ డిప్లొమా, ఎమ్మెస్సీ రెండూ దూరవిద్యలో ఉండేవి, ఇప్పుడు చేర్చుకుంటున్నారో లేదో ముందు కనుక్కోండి. ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. పుస్తకాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి, దానికి మాత్రం సిద్ధపడండి. అర్హత, ఫీజు ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో చూసుకోండి. ఇంకా లోతుగా పోవాలంటే ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి, తర్వాత బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో ఏ కోర్సు ఉందో చూసుకోండి.

ఈలోపు కాగితం మీద కుటుంబ పటం గీయడం నేర్చుకోండి. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు గుండ్రం, మూడు తరాలు. ఎవరు వలస పోయారు, ఎవరు తాగుతారు, ఎవరితో ఎవరికి మాటల్లేవు అన్నీ అందులో పడతాయి. మన దగ్గర మేస్త్రీ వెంట ఆరేడు నెలలు పోయి వచ్చిన మగవాళ్ల ఇళ్లలో ఇది బాగా పనికొస్తుంది. ఆయన లేనప్పుడు ఇల్లు, పొలం, అప్పు అన్నీ ఆమె నడిపింది. ఆయన వచ్చి పెత్తనం మళ్లీ తనదే అంటాడు. గొడవ ఆయన వచ్చిన వారంలోనే ఎందుకు మొదలవుతుందో పటం చూస్తే ఇద్దరికీ అర్థమవుతుంది.

కుటుంబాన్ని కలుపుకొని చికిత్స చేయడం బయటి నుంచి వచ్చిందే అనుకోకండి. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల ఇంటివాళ్లను ఆసుపత్రి ఆవరణలోనే టెంట్లు వేయించి ఉంచారు.

దేవరకొండ_వీఓఏ:

అన్నా, చెల్లే, చాలా థాంక్స్. మందు డబ్బాలు తీయించాను, చేను దగ్గర కూడా ఒకటి దొరికింది. రేపు ఆశ కార్యకర్త అక్కను వెంట తీసుకుని అన్నతో మాట్లాడతాను. ఇంకొకటి అడగాలి. కల్లు మాన్పించమని వేరే ఇళ్లలో అడుగుతున్నారు. ఒట్టు పెట్టించి ఒకేసారి మాన్పించొచ్చా?

స్టాఫ్‌నర్సు_మహబూబ్‌నగర్:

అక్కా, ఒకేసారి వద్దు. మన జిల్లాల్లో కొన్నిచోట్ల కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. ఏళ్ల తరబడి అది తాగిన మనిషికి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావొచ్చు, వణుకుతారు, నిద్ర పట్టదు, లేనివి కనిపిస్తాయి. దయ్యం పట్టిందని మంత్రగాడి దగ్గరికి తీసుకుపోతారు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు ఇట్లాంటివాళ్లు ఆసుపత్రులకు గుంపులుగా వచ్చారు. డాక్టర్ దగ్గర మోతాదు తగ్గిస్తూ మాన్పించాలి. తాగేది మగవాళ్లే అనుకోకండి. కూలికి పోయి వచ్చే ఆడవాళ్లు కూడా తాగుతారు. వాళ్లు సిగ్గుతో చెప్పరు కాబట్టి మీరే మెల్లగా అడగాలి. మానిన మొదటి వారం రాత్రిపూట ఇంట్లో ఎవరైనా మేలుకొని ఉండాలి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి, నోట్లో ఏమీ పెట్టొద్దు. ఈ మాటలు ఇంటివాళ్లకు ముందే చెప్పి, తర్వాతే మాన్పించే సంగతి మొదలుపెట్టండి.