సుమతి పద్యంలో ‘తప్పించుక’నా, ‘తప్పెంచక’నా?

ఫ్రిస్కో బాబాయ్:
పెద్దలందరికీ నమస్కారం. ఒక్క అక్షరం నాలుగు రోజులుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు. మొన్న ఆదివారం (2024 జనవరి 14) మా ఇంట్లో నలుగురం చేరి మా డాలస్ కౌబాయ్స్, విస్కాన్సిన్ వాళ్ల గ్రీన్ బే ప్యాకర్స్ ఆడుతున్న అమెరికన్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ మ్యాచ్ చూస్తున్నాం. బయట గడ్డకట్టే చలి, లోపల మిరపకాయ బజ్జీలు. తెనాలి నుంచి వచ్చిన మా నాన్నగారు శాలువా కప్పుకుని సోఫా చివర కూర్చున్నారు. ఈ ఆట గురించి ఆయనకి తెలిసిందల్లా, బంతి చేతిలో ఉన్న కుర్రాణ్ణి మిగతావాళ్లు పడగొట్టాలని చూస్తారు, అంతే. మా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) డాక్ ప్రెస్కాట్ ఒకసారి మీద పడబోయినవాళ్లని వదిలించుకుని పరిగెత్తేసరికి నేను ఆనందం పట్టలేక “తప్పించుకు తిరుగువాడు ధన్యుడు సుమతీ!” అని అరిచాను. నాన్నగారు టీవీ మీంచి చూపు తిప్పకుండా “తప్పెంచక” అన్నారు.

ఏంటి నాన్నా అంటే, “తప్పు ఎంచక. తప్పెంచక తిరుగువాడు ధన్యుడు. మాకు బళ్లో అలాగే చెప్పారు” అన్నారు. నేను వాదనకి దిగేలోపే డాక్ విసిరిన బంతి ప్యాకర్స్ ఆటగాడు డార్నెల్ సావేజ్ చేతిలో పడింది. 64 గజాలు తీసుకుపోయి టచ్‌డౌన్ చేశాడు. 27-0. ఆ తర్వాత మా ఇంట్లో పద్యం ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఈ పాఠాంతరం ఎవరైనా, ఎక్కడైనా చూశారా?

ప్రాసపిచ్చి:
చూడలేదు గానీ, ఛందస్సు ప్రకారం మాత్రం మీ నాన్నగారిని ఏమీ అనలేం. తప్పిం-చుకతిరు-గువాడు, తప్పెం-చకతిరు-గువాడు. గగం, నలం, జగణం. రెండిట్లోనూ ఒకటే లెక్క. ప్రాస ‘ప్ప’కి ఢోకా లేదు. యతి త-ధ, అదీ కుదిరింది. కందం ఈ తగువు తీర్చదు.

పైగా అర్థం చూడండి. నొప్పింపక, నొవ్వక, తప్పెంచక. మూడూ వరసగా వ్యతిరేక క్త్వార్థకాలు (‘చేయకుండా’ అనే అర్థమిచ్చేవి). నిజం చెప్పాలంటే నాకు ఇదే బాగుంది. బద్దెన ఇలాగే రాసి ఉంటాడు, చెవికి బాగా తగిలే ‘తప్పించుక’ తర్వాత వచ్చి చేరి ఉంటుంది.

రిటైర్డ్ మాస్టారు:
బాగుండటం వేరు, ఉండటం వేరు. ముప్ఫై రెండేళ్లు ఈ పద్యం చెప్పాను. నా చేతికొచ్చిన ప్రతి అచ్చు పుస్తకంలోనూ ‘తప్పించుక’ అనే ఉంది. ‘తప్పించుక తిరుగు’ అనేది ఒక జంట. ‘తప్పెంచక తిరుగు’ అంటే ఏమిటండీ? తప్పు ఎంచకపోతే ఇంట్లోనే కూర్చోవచ్చు, తిరగడం దేనికి?

ఇంకో మాట. ప్రశ్న అడిగినవారు ‘తప్పించుకు’ అని రాశారు. ముందు ఆ ‘కు’ సంగతి చూడాలి.

కరీంనగర్ పోరడు:
మాస్టారు సరిగ్గా పట్టుకున్నారు. పుస్తకంలో ఉన్నది ‘క’. మా దగ్గర ఇప్పటికీ ఎత్తుకపోయిండు, పట్టుకచ్చిండు, గుంజుకపోయిండు అనే అంటరు. ‘కొని’ అరిగిపోయి ‘క’ అయింది. సుమతిలో ఉన్నదీ ఇదే. కోస్తా వాళ్లు దాన్ని ‘కు’ చేసి, మళ్లీ మాకే పద్యాలు అప్పజెప్తరు. సావేజ్ ఆ బంతి ‘పట్టుకుపోలేదు’ అన్నా, పట్టుకపోయిండు.

ఫ్రిస్కో బాబాయ్:
హహ. ‘కు’ విషయంలో ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా. ఈ వారం ఓటమి అలవాటైపోయింది. కానీ నా ప్రశ్న ‘ఎంచక’ గురించి.

నిఘంటుపురుగు:
ఆ ప్రశ్నకి వెళ్లేముందు ఒకటి. ప్రాసపిచ్చి గారు ‘నొప్పింపక’ అని సరిగ్గా రాశారు, సంతోషం. నూటికి తొంభై మంది ‘నొప్పించక’ అంటున్నారు. ఇంచుక్కు (క్రియకి చేరే ‘ఇంచు’) మీద వ్యతిరేకార్థంలో చకారం పోయి పకారం వస్తుంది: నొప్పించు, నొప్పింపక. ఈ పద్యం ఉన్నదే ఆ ‘ప’ల చప్పుడు మీద.

కరీంనగర్ పోరడు:
అట్లయితే ‘ఎంచు’కి కూడా ‘ఎంపక’ రావాలి కదా సార్? తప్పెంపక తిరుగువాడు?

నిఘంటుపురుగు:
రాదు. ‘ఎంచు’లో ఉన్నది ప్రేరణార్థక ఇంచుక్కు కాదు, ధాతువే అది. నేరమెంచకు అంటాం గానీ నేరమెంపకు అనం. నామవాచకం చేసినప్పుడు మాత్రం ‘ఎంపిక’ అవుతుంది, అదొక తమాషా.

ప్లేనో ప్రేక్షకుడు:
ఎంపిక అంటే గుర్తొచ్చింది. 2016 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునేది) డాక్ నాలుగో రౌండ్‌లో, 135వ ఎంపిక. అంతమంది తప్పెంచి పక్కన పెట్టినవాణ్ణి మనం తెచ్చుకున్నాం. 2023 సీజన్‌లో లీగ్ మొత్తంలో ఎక్కువ టచ్‌డౌన్ పాస్‌లు, 36, అతనివే. ఆదివారం కూడా 60 సార్లు విసిరితే 41 అందాయి, 403 గజాలు. ప్యాకర్స్ 48 పాయింట్లలో ఎక్కువ ఇచ్చుకున్నది మన డిఫెన్స్. వాళ్ల ఆరన్ జోన్స్ ఒక్కడే మూడుసార్లు ఎండ్ జోన్‌లోకి నడిచి వెళ్లాడు. అవును, నడిచి. తిట్లు మాత్రం క్వార్టర్‌బ్యాక్‌కి. మీ నాన్నగారి పాఠమే నాది.

విస్కాన్సిన్ వదిన:
403 గజాలా! చచ్చినవాడి కళ్లు చారెడు. హాఫ్ టైమ్‌కి స్కోరెంత తమ్ముడూ? 27-7. మేం డిఫెన్స్ వదులుగా ఆడటం మొదలెట్టాక వచ్చిన గజాలవి. మొదటి ఇంటర్‌సెప్షన్ (అవతలివాళ్లు పట్టేసిన బంతి) జైర్ అలెగ్జాండర్‌కి, రెండోది సావేజ్‌కి, రెండిటికీ మా ఖాతాలో టచ్‌డౌన్‌లే పడ్డాయి. అవతల మావాడు జోర్డన్ లవ్ 21 విసిరితే 16 అందాయి, మూడు టచ్‌డౌన్‌లు, ఒక్కటి కూడా మీ చేతికి చిక్కలేదు.

అన్నట్టు, 2020లో ప్లేఆఫ్‌లకి ఏడో సీడ్ (ఆఖరి ర్యాంకు) పెట్టినప్పటి నుంచి ఒక్క ఏడో సీడ్ కూడా గెలవలేదు. మేమే మొదలు. పదహారు మ్యాచ్‌లుగా ఇంట్లో ఓడనివాళ్ల ఇంటికొచ్చి మరీ.

పద్యం విషయానికొస్తే నాకు అర్థం కానిది వేరే. ‘ఎప్పటి కెయ్యది ప్రస్తుత’ అంటే ‘ఇప్పుడు నడుస్తున్నది’ అనేనా?

రిటైర్డ్ మాస్టారు:
కాదమ్మా. ఈ ‘ప్రస్తుతం’ వార్తల్లో ‘ప్రస్తుతం పరిస్థితి అదుపులో ఉంది’ అనే ప్రస్తుతం కాదు. సందర్భానికి తగినది అని. ‘అప్రస్తుత ప్రసంగం’ అన్నప్పుడు ఆ అర్థం ఇంకా బతికే ఉంది. అలంకారాల్లో అప్రస్తుతప్రశంస అని ఒకటుంది, చదువుకున్నవారే గనక వివరించను.

ఇర్వింగ్ కందం:
మాస్టారు ఆ మాట అనగానే నాకు లైట్ వెలిగింది. ఈ పద్యం మొత్తం క్వార్టర్‌బ్యాక్ గురించే! ‘ఎప్పటి కెయ్యది ప్రస్తుత మప్పటికా మాటలాడి’ అంటే స్నాప్‌కి (బంతి చేతికందే క్షణానికి) ముందు ఎదుటి వ్యూహం చూసి ఆఖరి క్షణంలో ప్లే మార్చి అరవడం. ఆడిబుల్ అంటారు చూడండి. డాక్ “యా, హియర్ వీ గో” అని అరుస్తాడే, అదన్నమాట ‘ఆ మాటలాడి’. ‘తానొవ్వక’ అంటే సాక్ అవకుండా, బంతితో కింద పడకుండా. ‘తప్పించుక తిరుగువాడు’ అంటే పాకెట్‌లోంచి (తనవాళ్లు చుట్టూ కాచే చోటు నుంచి) జారిపోవడం. ఇక ‘ధన్యుడు’. ధనం నుంచి వచ్చిందే ఆ మాట, ధన్యుడంటే మొదట ధనం గలవాడే. డాక్ 2021లో సంతకం పెట్టింది నాలుగేళ్లకి 160 మిలియన్ డాలర్లకి. ఇంతకంటే ధన్యుడెవడు?

ప్రాసపిచ్చి:
‘అన్యుల మనముల్ నొప్పింపక’ ఎక్కడ కుదిరింది మరి? డాలస్ నగరంలో నొవ్వని మనసు ఒక్కటి చూపించండి.

ప్లేనో ప్రేక్షకుడు:
‘తానొవ్వక’ కూడా తేలిగ్గా అనకండి. 2020 అక్టోబర్‌లో జెయింట్స్ మీద ఆడుతూ కుడి చీలమండ విరగ్గొట్టుకున్నాడు. పాదం పక్కకి తిరిగిపోయి ఉంది. బండి మీద బయటికి తీసుకుపోతుంటే కళ్లు తుడుచుకోవడం నాకింకా గుర్తు. మా అమ్మాయికప్పుడు ఎనిమిదేళ్లు, సోఫా వెనక దాక్కుంది. ఆ తర్వాత మునుపట్లా పరిగెత్తడం తగ్గించాడు. పాకెట్‌లోనే నిలబడి విసురుతాడు. అంటే ‘నొవ్వక’ కోసం ‘తిరుగు’ మానేశాడు. రెండూ ఒకేసారి కుదిరేవి కావు, అందుకే కవి వాటిని పక్కపక్కన పెట్టాడేమో.

రిటైర్డ్ మాస్టారు:
ఇది నాకు నచ్చింది. ఎప్పుడూ ఈ పద్యాన్ని లౌక్యం అనీ, పిరికితనం అనీ తిడతారు. పిల్లలు హోంవర్క్ ఎగ్గొట్టి ఇదే పద్యం నాకు అప్పజెప్పేవారు. కానీ ‘తప్పించుక’ అంటే పని తప్పించుకోవడం కాదు, దెబ్బ తప్పించుకోవడం. తప్పించుకున్నాక ‘తిరుగు’తున్నాడు, పారిపోవడం లేదు. మీ ఆటలో కూడా తప్పించుకోవడం బంతి విసరడానికే కదా?

విస్కాన్సిన్ వదిన:
విసరడానికే మాస్టారూ. ఎవరికి విసరాలన్నదే డాలస్ వారి సమస్య.

ఇర్వింగ్ కందం:
వదినా, గాయం మీద కారం. మళ్లీ మీరే! 2015 జనవరిలో మీ ఊళ్లో మా డెజ్ బ్రయంట్ పట్టిన బంతిని రిఫరీలు పట్టినట్టు కాదన్నారు. మూడేళ్లకి, 2018లో, ఆ నిబంధనే మార్చేశారు. 2017 జనవరిలో మా ఇంటికొచ్చి ఆఖరి తన్నుతో 34-31. ఇంకా ముందు, 2011లో మీరు సూపర్ బౌల్ గెలిచిందీ మా స్టేడియంలోనే. అప్పటి మీ కోచ్ మెకార్తీ, 2020లో మా కోచ్ అయ్యాడు. ఈ బంధుత్వానికి ఏం పేరు పెట్టాలి?

నిఘంటుపురుగు:
‘పట్టు’ మీద ఒక మాట. డెజ్ విషయంలో అసలు గొడవ పట్టడం గురించి కాదు, పట్టి నిలుపుకోవడం గురించి. తెలుగులో ‘పట్టాడు’, ‘పట్టుకున్నాడు’ వేరు వేరు. ‘కొను’ చేరితేనే ఆ వస్తువు తనదైనట్టు. అమెరికా రిఫరీలకి ఈ అనుప్రయుక్త ధాతువు (తోడు క్రియ) ఉండి ఉంటే మూడేళ్లు వాదించుకునేవారు కారు. చూశారా, ‘తప్పించుక’లో ఉన్నదీ ఆ ‘కొను’వే.

ప్రాసపిచ్చి:
అదీ దెబ్బ! కానీ సార్, ఇది ‘తప్పెంచక’ తప్పని నిరూపించదు.

నిఘంటుపురుగు:
నిరూపించానని నేనన్నానా?

ఇర్వింగ్ కందం:
నాకైతే ఆదివారం రాత్రంతా సుమతి కాదు, తిక్కన తిరిగాడు బుర్రలో. ప్రతి సెప్టెంబర్‌లో “ఈ ఏడాది మనదే” అంటాం. 1996 జనవరి తర్వాత సూపర్ బౌల్ గడప తొక్కింది లేదు. ఉత్తరకుమార ప్రగల్భాలంటే ఇవే. విరాటపర్వంలో ఆ మాట ఎంత చల్లగా వస్తుందో చూడండి: ‘వచ్చినవాడు ఫల్గుణు డవశ్యము గెల్తు మనంగ రాదు’. వెంటనే, ‘బలంబులు రెండును గెల్వ నేర్చునే’. రెండు సైన్యాలూ గెలుస్తాయా ఎక్కడైనా! అంత గొప్ప పద్యంలో ఇంత మామూలు మాట. తిక్కన ఒక్కడే అలా పెట్టగలడు. తెలుగు మాటకి వెన్నెముక ఆయన.

కరీంనగర్ పోరడు:
‘రాలచ్చి’ని వదిలేసినవ్ అన్నా. ‘రాలచ్చికినై పెనంగిన’. రాజ్యలక్ష్మిని అట్ల వంటింటి మనిషి లెక్క పిలిచినోడు ఇంకెవడు?

నిఘంటుపురుగు:
ఒక చిన్న దిద్దుబాటు. ఫల్గునుడు. ‘ణ’ కాదు. ఫల్గునీ నక్షత్రంలో పుట్టినవాడు గనక ఫల్గునుడు.

ఇర్వింగ్ కందం:
పంచాంగం తీయండి. ఫాల్గుణ మాసం అని ‘ణ’తోనే ఉంటుంది. నెలకి ఒప్పుకున్న ‘ణ’ మనిషికి ఎందుకు ఒప్పుకోరు?

నిఘంటుపురుగు:
పంచాంగం వర్జ్యానికి ప్రమాణం, వర్ణక్రమానికి కాదు.

రిటైర్డ్ మాస్టారు:
ఇద్దరూ ఆగండి. ఇక్కడ ‘ణ’ అయినా ‘న’ అయినా లఘువే. తిక్కన ఏం పలికాడో ఛందస్సు చెప్పదు. నేను తరగతిలో ‘ణ’ అనే చెప్పాను. సంస్కృత పాఠంలో ‘న’ చూసి ఒక రోజంతా బాధపడ్డాను. మళ్లీ ‘ణ’ అనే చెప్పాను.

నిర్వాహకులు:
సభ్యులకు మనవి. చర్చ సుమతి పద్యం మీద. ఆట విశేషాలు, స్కోర్లు తగ్గించగలరు. ఫల్గుణ/ఫల్గున మీద వేరే చర్చ తెరవగలరు.

ప్రాసపిచ్చి:
మాస్టారు చెప్పిన ఆ అలంకారం ఇదేనా?

ఫ్రిస్కో బాబాయ్:
అందరికీ ధన్యవాదాలు. (ఈ ‘ధన్య’లో ధనం లేదు, ఇర్వింగ్ గారు గమనించగలరు.) ఇదంతా ఇవాళ పొద్దున కాఫీ దగ్గర నాన్నగారికి చదివి వినిపించాను. ‘క’, ‘కు’ దగ్గర తల ఊపారు. ‘కొను’ దగ్గర “ఇతనెవరో చదువుకున్నవాడు” అన్నారు. ‘తప్పెంచక’ ఏ పుస్తకంలోనూ లేదట నాన్నా అంటే, పలకా బలపం చదువులో పుస్తకం ఎక్కడిదిరా, మాస్టారు నోటితో చెబితే మేం నోటితో పట్టాం అన్నారు. మీ మాస్టారు పొరబడి ఉండొచ్చుగా అన్నాను. కాఫీ గ్లాసు కింద పెట్టి, కళ్లజోడు తుడుచుకుని, “ఆ తెల్ల బట్టల కుర్రాడు మళ్లీ ఎప్పుడు ఆడతాడు?” అని అడిగారు.

ప్లేనో ప్రేక్షకుడు:
సెప్టెంబర్‌లో అని చెప్పండి.

విస్కాన్సిన్ వదిన:
పచ్చ బట్టల కుర్రాడు శనివారమే ఆడతాడు, శాన్ ఫ్రాన్సిస్కో జట్టు మీద. బజ్జీలు వేయించి పెట్టుకోండి. నేను మాత్రం ‘న’ వైపు.

కరీంనగర్ పోరడు:
‘ణ’.