గోవా క్యాసినోలో రెండు రాత్రులు: తలా 40 వేలు ఎలా సర్దుకోవాలి?

హైదరాబాద్ నుంచి నలుగురం శుక్రవారం బయల్దేరుతున్నాం. పణజిలో మాండవి నది మీది ఓడ క్యాసినోకి. పోకర్ ఇంట్లో ఆడిన అలవాటుంది, మిగతావి కొత్త. సలహా చెప్పండి.

జవాబు 1:
అందరికీ 21 ఏళ్లు నిండాలి, ఐడీ మర్చిపోకండి. డబ్బు రెండు కవర్లలో పెట్టండి, రాత్రికి ఒకటి. పోకర్‌కి 100 బిగ్ బ్లైండ్లతో (ముక్కలు చూడకముందే వేయాల్సిన రెండు పందాల్లో పెద్దది) కూర్చోవాలి. 25/50 టేబుల్ అయితే 5 వేలు, అంటే రాత్రికి నాలుగు బయ్-ఇన్‌లు (టేబుల్ దగ్గర కూర్చోవడానికి తెచ్చే మొత్తం). 50/100 దొరికితే రెండే, అది ఇరుకే.

ఇంటి ఆటలో లేనిది రేక్, పాట్ (మధ్యలో పోగయ్యే పందెం డబ్బు) నుంచి హౌస్, అంటే క్యాసినో, తీసుకునే కోత. చిన్న పాట్ల వెంట పడితే అదే తినేస్తుంది. ఇంకోటి, కొన్ని చిప్స్ పెట్టి మళ్లీ చేయి వెనక్కి తీసుకెళ్లి ఇంకొన్ని తెస్తే స్ట్రింగ్ బెట్, రెయిజ్ (పందెం పెంచడం) చెల్లదు. ముందే నోటితో "రెయిజ్" అని అంకె చెప్పేయండి.

జవాబు 2:
బ్లాక్‌జాక్ టేబుల్ గుడ్డ మీద రాసింది చదవండి. మీకు బ్లాక్‌జాక్ (మొదటి రెండు ముక్కలతోనే 21) పడితే, 3:2 అయితే వెయ్యికి 1500, 6:5 అయితే 1200 ఇస్తారు. రెండోదాని దగ్గర కూర్చోవద్దు. ఇన్సూరెన్స్ (డీలర్‌కి బ్లాక్‌జాక్ ఉందని వేసే పక్క పందెం) ఎప్పుడూ వద్దు. డీలర్ 5 గానీ 6 గానీ చూపిస్తుంటే మీ మొత్తం 12 ఉన్నా ఇంకో ముక్క తీసుకోకుండా ఆగండి. రౌలెట్‌లో ఒక్క సున్నా ఉంటే హౌస్ వాటా 2.70 శాతం, రెండుంటే 5.26. బకారాలో టై (రెండు వైపులా సమానం వస్తుందనే పందెం) జోలికి పోకండి.

అడిగినవారు:
పోకర్‌లో ఫ్లష్ డ్రాకి (ఒకే గుర్తు ముక్కలు నాలుగుండి ఐదోది రావాల్సినప్పుడు) కాల్ చేయొచ్చా, అంటే ఎదుటి పందేనికి సమానంగా వేయొచ్చా?

జవాబు 1:
ఫ్లాప్ (టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) తర్వాత మిగతా రెండు ముక్కలూ చూడగలిగితే ఫ్లష్ పడే అవకాశం దాదాపు 35 శాతం. టర్న్ (నాలుగో ముక్క) తర్వాత మిగిలిన ఒక్క ముక్కకి 20 శాతం లోపే. 5 వేల పాట్‌లో ఎదుటివాడు 5 వేలు వేస్తే కాల్ చేయడానికి మీకు 33 శాతం గెలుపు అవకాశం కావాలి. టర్న్ మీదైతే మడిచేయండి.