జూన్‌లో పెరిగి డిసెంబర్‌లో తగ్గే ఆ సిగ్నల్ డార్క్ మ్యాటరేనా?

గుంటూరుమిర్చి:
ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద డామా ప్రయోగం వాళ్లు 1998 నుంచి ఒకటే మాట మీద ఉన్నారు. సోడియం అయొడైడ్ స్ఫటికాల్లో పడే చిన్న చిన్న మెరుపులు ఏటా జూన్ మొదట్లో పెరుగుతాయి, డిసెంబర్‌లో తగ్గుతాయి. వానలో బండి వేగం పెంచితే చినుకులు మొహానికి గట్టిగా తగులుతాయి కదా, అలాగే సూర్యుడు గెలాక్సీ చుట్టూ సెకనుకి 220 కి.మీ. పైనే పోతుంటే, భూమి వేగంలో కొంత జూన్‌లో దానికి కలుస్తుంది, గెలాక్సీ నిండా ఉందనుకునే, కంటికి కనపడని పదార్థం డార్క్ మ్యాటర్ ఆ స్ఫటికాలకి ఎక్కువ తగులుతుందని వాళ్ల వాదన. ఇంత లెక్కగా వస్తున్నా ఎవరూ ఎందుకు నమ్మట్లేదు?

చుక్కలలెక్క:
ఇంకెవరికీ కనపడట్లేదు కాబట్టి. సౌత్ డకోటాలో పాత బంగారు గని అడుగున 7 టన్నుల ద్రవ జినాన్‌తో వెతికారు, ఏమీ దొరకలేదు.

గుంటూరుమిర్చి:
అది జినాన్ అండీ. పులిహోర బాలేదని చెప్పడానికి దద్దోజనం రుచి చూస్తారా?

చుక్కలలెక్క:
సరే, పులిహోరే తిందాం. స్పెయిన్‌లో అనాయిస్ అనే ప్రయోగం 112.5 కిలోల సోడియం అయొడైడ్‌తోనే 2017 నుంచి చూస్తోంది, కొరియాలో కోసైన్-100 కూడా అదే పదార్థం. రెండిట్లోనూ ఆ హెచ్చుతగ్గులు లేవు. ఇంకోటి, డామా వాళ్లు ఏ ఏడాదికి ఆ ఏడాది సగటు తీసేసి మిగిలింది గీస్తారు. నేపథ్య రేడియోధార్మికత (స్ఫటికాల్లో, చుట్టుపక్కల మామూలుగా ఉండేది) మెల్లగా మారుతుంటే ఆ తీసివేతే రంపం పళ్లలా హెచ్చుతగ్గులు పుట్టిస్తుంది. కోసైన్ వాళ్లు తమ డేటాకి అదే పద్ధతి వాడి చూస్తే, లేని ఊపు వచ్చేసింది!

రాత్రిడ్యూటీ:
సగమే చెప్పారు మీరు. వచ్చింది, కానీ తలకిందులుగా, డామాలో పెరిగే నెలల్లో అక్కడ తగ్గింది. డామాలా రావాలంటే నేపథ్యం తగ్గకూడదు, ఏడాది పొడుగునా పెరుగుతూ పోవాలి, అదెలా పెరుగుతుందో ఎవరైనా చెబితే వింటాను. నేనూ డామాని నమ్మను, అలాగని ఈ వివరణతో కేసు మూసేయడం నాకు మింగుడు పడదు.

గుంటూరుమిర్చి:
మరి ఆకాశం నుంచి వచ్చి కొండనీ దాటి దిగే మ్యూయాన్ కణాలు ఎండాకాలం పెరుగుతాయిగా, అవేమో?

రాత్రిడ్యూటీ:
పెరుగుతాయి, కానీ గ్రాన్ సాసోలో అవి బాగా ఎక్కువయ్యేది దాదాపు నెల ఆలస్యంగా. తేదీ కలవదు. నేను చూసేది ఆస్ట్రేలియాలోని స్టావెల్ బంగారు గని వైపు, సేబర్ ప్రయోగం వాళ్లు అక్కడ ఇవే స్ఫటికాలు పెడుతున్నారు. జూన్ అంటే అక్కడ చలికాలం, కాబట్టి అక్కడా జూన్‌లోనే పెరిగితే అది ఎండాకాలం వల్ల కాదన్నమాట.