జేసన్ నమూనాల నుంచి టైప్‌డ్‌డిక్ట్ నిర్వచనాలు తయారుచేసుకోవడం ఎలా?

సర్వర్ పంపే జేసన్ (డేటాను కీ, విలువ జతలుగా రాసే పద్ధతి) సమాధానాలకు పైథాన్‌లో టైప్‌డ్‌డిక్ట్ (డిక్షనరీలో ఏ కీలు, ఏ రకం విలువలు ఉండాలో చెప్పేది) నిర్వచనాలు చేత్తో రాస్తున్నాను. నిన్న ‘యూజర్_ఐడీ’ అన్న కీని అండర్‌స్కోర్ లేకుండా రాశాను. తప్పు నిర్వచనంలోనే ఉండడంతో టైపులను తనిఖీ చేసే మైపై ఏమీ అనలేదు. ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఆ కీ లేదంటూ కీఎర్రర్ వచ్చింది.

దాచుకున్న 200 నమూనాలను చదివి నిర్వచనాలు రాసిపెట్టే పరికరం ఏదైనా ఉందా? అసలు చిక్కు ఇదీ: కొన్ని సమాధానాల్లో ‘ఈమెయిల్’ కీ అసలే ఉండదు, కొన్నింటిలో కీ ఉన్నా విలువ ‘నన్’ (ఖాళీ). మొదటిదానికి పైథాన్ 3.11లో వచ్చిన నాట్‌రిక్వైర్డ్ (కీ లేకపోయినా ఫర్వాలేదని చెప్పే గుర్తు) కావాలి, రెండోదానికి ‘స్ట్రింగ్ లేదా నన్’. నేను వాడి చూసిన పరికరం ఒక్క నమూనానే చదువుతుంది కనుక ఈ తేడా పట్టుకోలేదు.

పైగా ‘క్లాస్’ అనే కీ ఒకటుంది. అది పైథాన్ కీవర్డ్ (భాష తనకోసం ఉంచుకున్న పదం), కాబట్టి ఆ నిర్వచనాన్ని ఫంక్షన్ పిలుపు రూపంలోనే రాయాలి. ఇదీ చూసుకునే దారి తెలిసినవారు దయచేసి చెప్పండి.