దేశ బహిష్కరణ కేసుల్లో ప్రభుత్వ ఖర్చుతో వకీలు దొరుకుతారా?

ప్రశ్న (హన్మకొండ నుంచి):
చదువు కోసం అమెరికా వెళ్లిన మా అక్క కొడుకును వీసా గడువు దాటిందన్న కారణంతో జార్జియా రాష్ట్రంలో నిర్బంధించారు. అక్కడి వకీలు అడిగిన ఫీజు కట్టాలంటే మా బావ నర్సంపేట దగ్గరున్న పొలం అమ్ముకోవాలి. మన దగ్గర 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. అక్కడ కూడా అలాంటి ఏర్పాటు ఉందా?

జవాబు (న్యాయవాది, వరంగల్):
లేదండీ. నేరం మోపబడిన పేదవాడికి ప్రభుత్వమే వకీలును పెట్టాలని 1963లో గిడియన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది కానీ, బహిష్కరణను వాళ్లు సివిల్ వ్యవహారంగా చూస్తారు కాబట్టి ఆ తీర్పు దీనికి వర్తించదు. వకీలును పెట్టుకోవచ్చు, అయితే ప్రభుత్వానికి ఖర్చు లేకుండా పెట్టుకోవాలని వాళ్ల ఇమిగ్రేషన్ చట్టంలోనే రాసి ఉంది. అవతలి పక్షాన మాత్రం జీతం తీసుకునే ప్రభుత్వ వకీలు వాదిస్తాడు, తీర్పు చెప్పే జడ్జి సైతం న్యాయశాఖ ఉద్యోగే. మనిషిని తాళం వేసిన గదిలో ఉంచి, ఇది శిక్ష కాదు కనుక వకీలు ఇవ్వనక్కర లేదనడం నా దృష్టిలో అన్యాయం. న్యూయార్క్ నగరం 2013లో సొంత నిధులతో నిర్బంధితులకు వకీళ్లను ఇవ్వడం మొదలుపెట్టింది. అలాంటి సాయం ఊరిని బట్టి, రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

జవాబు (పరకాల, ప్రస్తుతం న్యూజెర్సీ):
అన్నా, పొలం బేరం పెట్టకముందే బాబు కాగితాల మీద 'ఎ' అక్షరంతో మొదలయ్యే నంబరు రాసి పెట్టుకోండి. ఏ కేంద్రంలో ఉన్నాడో, విచారణ ఎప్పుడో ఆ నంబరుతోనే ఆన్‌లైన్‌లో తెలుస్తుంది. ఉచితంగా వాదించే సంస్థల జాబితాను జడ్జి ఇవ్వాలి, అది కోర్టు వెబ్‌సైట్‌లో కూడా ఉంటుంది. ఇష్టపూర్వకంగా వెళ్లిపోతానన్న కాగితం మీద వకీలుతో మాట్లాడకుండా సంతకం పెట్టవద్దని బాబుకు గట్టిగా చెప్పండి. అధికారులే నడిపిన ఫార్మింగ్టన్ అనే బూటకపు విశ్వవిద్యాలయంలో చేరి 2019 జనవరిలో పట్టుబడిన మన తెలుగు పిల్లలకు కూడా సర్కారు వకీలు హక్కుగా దొరకలేదు.

జవాబు (జగిత్యాల):
జార్జియా మన అట్లాంటా కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది. నిర్బంధంలో ఉన్న మన పౌరుడిని కలిసే హక్కు 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం కాన్సులేట్‌కు ఉంది కాబట్టి, వెంటనే మెయిల్ పెట్టి, మన విదేశాంగ శాఖ వారి ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఆపదలో ఉన్న ప్రవాసుల కోసం 2009లో పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి అర్హులైన పేదలకు న్యాయ సహాయం కూడా ఇవ్వవచ్చు. మా గల్ఫ్ కుటుంబాల్లో చాలామందికి ఈ నిధి ఉందన్న సంగతే తెలియదు, అడగనిదే ఎవరూ చెప్పరు. దరఖాస్తుతో పాటు బావగారి ఆదాయ ధ్రువపత్రాన్ని జతచేయండి, మండల కార్యాలయం నుంచి అది రావడానికే రోజులు పడుతుంది కనుక ముందు ఆ పని చూడండి.